పాత ఉత్తరం మీద కొత్త ఉత్తరం: టెంప్లేట్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గోదావరి డెల్టా ఊళ్ళ నుంచే వచ్చాయి. రాసినవారి వృత్తులు వేరైనా వారి ఇబ్బంది ఒక్కటే: నమూనాగా దాచుకున్న కాగితం ఎక్కడికి పోయింది, దాన్ని మార్చవలసి వస్తే ఎక్కడ మార్చాలి, నలుగురూ వాడేచోట అది చెడిపోకుండా ఎలా చూసుకోవాలి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాను. మన కార్యాలయాలలో ఇటువంటి కాగితాన్ని ప్రొఫార్మా అనీ, ఫార్మాట్ అనీ అంటారు. కంప్యూటర్‌లో ఉత్తరాలు రాసే ప్రోగ్రాములైన వర్డ్, లిబ్రెఆఫీస్ రెండూ టెంప్లేట్ అనే అంటాయి కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను.

ప్రశ్న: నేను అమలాపురంలో ఒక పాఠశాల కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఎవరైనా స్టడీ సర్టిఫికెట్ అడిగితే పాత సర్టిఫికెట్ ఫైలు తెరిచి, పేర్లు మార్చి, ప్రింటు తీసి ఇస్తూ వచ్చాను. జూన్ నెల రద్దీలో ఒక అమ్మాయి సర్టిఫికెట్‌లో పేరు మార్చాను గానీ, తండ్రి పేరు అంతకుముందు వచ్చిన పిల్లవాడి తండ్రిదే ఉండిపోయింది. ఆ కుటుంబం కాలేజీ దాకా వెళ్ళి వెనక్కి రావలసి వచ్చింది. టెంప్లేట్‌గా దాచుకోమని ఒకరు చెబితే వర్డ్‌లో అలాగే సేవ్ చేశాను. మర్నాడు చూస్తే, నేను రోజూ ఫైళ్ళు దాచుకునే ఫోల్డర్‌లో అది లేదు. ఎక్కడ వెతకాలి?

జవాబు: అమ్మా, మీ ఫైలు పోలేదు. సేవ్ చేసేటప్పుడు ఫైలు రకం దగ్గర 'వర్డ్ టెంప్లేట్' అని ఎంచుకోగానే, మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నా వర్డ్ తనంతట తాను 'కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్' అనే ఫోల్డర్‌కు మారిపోతుంది. 2013 వర్డ్ నుంచి ఇదే పద్ధతి. ఆ ఫోల్డర్ మీ డాక్యుమెంట్స్‌లో ఉంటుంది. మీ కంప్యూటర్‌లో వన్‌డ్రైవ్, అంటే ఫైళ్ళను ఇంటర్నెట్‌లో కూడా దాచే మైక్రోసాఫ్ట్ సదుపాయం, పనిచేస్తూ ఉంటే డాక్యుమెంట్స్ ఫోల్డరే వన్‌డ్రైవ్ లోపలికి చేరి ఉండవచ్చు కాబట్టి, అక్కడ కూడా చూడండి. ఇప్పటికీ కనిపించకపోతే ఫైల్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, అందులో సేవ్ అనే భాగానికి వెళ్ళండి. వ్యక్తిగత టెంప్లేట్లు ఎక్కడ ఉండాలో చెప్పే పెట్టె ఒకటి అక్కడ ఉంటుంది. అందులో రాసి ఉన్న దారే మీ ఫైలు చిరునామా. ఆ పెట్టె ఖాళీగా ఉన్న కంప్యూటర్లను కూడా నేను చూశాను. అలా ఉంటే మీరు దాచిన టెంప్లేట్లు కొత్త పత్రం తెరిచే తెర మీద కనిపించవు. అప్పుడు ఒక ఫోల్డర్ తయారుచేసుకుని, దాని దారిని ఆ పెట్టెలో మీరే నింపాలి.

దొరికిన తరువాత దాన్ని ఫోల్డర్‌లోకి వెళ్ళి తెరవడం కన్నా, ఫైల్ మెనూలో న్యూ నొక్కి, అక్కడ 'పర్సనల్' అనే పేరు మీద నొక్కి తెరవడం మేలు. కొన్ని కంప్యూటర్లలో ఆ పేరు 'కస్టమ్' అని ఉంటుంది. మీ పాఠశాలలో టీసీ, స్టడీ సర్టిఫికెట్, బోనఫైడ్, ఫీజు రసీదు ఇలా చాలా రకాలు ఉంటాయి. కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్ లోపలే రకానికొక ఉపఫోల్డర్ పెట్టి సర్దుకుంటే, పర్సనల్ తెరలో కూడా అవి అలాగే విడివిడిగా కనిపిస్తాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మామూలు వర్డ్ పత్రం పేరు చివర డీఓసీఎక్స్ అని ఉంటుంది, టెంప్లేట్ పేరు చివర డీఓటీఎక్స్ అని ఉంటుంది. తేడా ఒక్క అక్షరమే అయినా వాటి నడవడిక పూర్తిగా వేరు. మామూలు పత్రం మీద రెండుసార్లు నొక్కితే ఆ పత్రమే తెరుచుకుంటుంది. మీరు అందులో ఏం రాసి సేవ్ చేసినా పాతది చెరిగిపోతుంది. టెంప్లేట్ మీద రెండుసార్లు నొక్కితే టెంప్లేట్ తెరుచుకోదు. దాని నకలుగా, ఇంకా పేరు పెట్టని కొత్త పత్రం ఒకటి పుడుతుంది. సేవ్ నొక్కగానే పేరు అడుగుతుంది కాబట్టి, నిన్నటి పిల్లవాడి సర్టిఫికెట్ మీద నేటి అమ్మాయి సర్టిఫికెట్ రాసే ప్రమాదమే ఉండదు. టెంప్లేట్‌నే మార్చవలసి వచ్చినప్పుడు దాని మీద మౌస్ కుడి మీట నొక్కి 'ఓపెన్' ఎంచుకోవాలి.

ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పాత సర్టిఫికెట్‌ను ఉన్నదున్నట్టు టెంప్లేట్‌గా సేవ్ చేస్తే మీ కష్టం తీరదు, ఎందుకంటే ఆ పిల్లవాడి తండ్రి పేరు టెంప్లేట్‌లోకి కూడా వచ్చి కూర్చుంటుంది. ముందుగా పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తరగతి, అడ్మిషన్ నంబరు, చదివిన సంవత్సరాలు, ఇలా మనిషిని బట్టి మారే ప్రతి ముక్కనూ తీసివేయాలి. వాటి స్థానంలో చుక్కల గీత పెట్టవద్దు. డెవలపర్ అనే భాగంలో దొరికే కంటెంట్ కంట్రోల్ అనే చిన్న పెట్టెను ఒక్కొక్క చోట పెట్టి, 'ఇక్కడ తండ్రి పేరు రాయండి' అని దానిలో తెలుగులోనే సూచన రాయవచ్చు. డెవలపర్ భాగం మామూలుగా దాగి ఉంటుంది. ఆప్షన్స్‌లో రిబ్బన్ మార్చే చోట దాని ఎదుట టిక్కు పెడితే బయటికి వస్తుంది. లిబ్రెఆఫీస్ వాడేవారు కంట్రోల్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కి, ఫంక్షన్స్ కింద 'ప్లేస్‌హోల్డర్' ఎంచుకుంటే అదే పని జరుగుతుంది. నింపని పెట్టె వర్డ్‌లో బూడిదరంగు అక్షరాలతో స్పష్టంగా కనిపిస్తుంది; లిబ్రెఆఫీస్‌లో తెర మీద కోణపు కుండలీకరణాల మధ్య కనిపిస్తుంది, కాగితం మీద ఆ చోటు ఖాళీగా ఉండవచ్చు. సంతకం పెట్టే ప్రధానోపాధ్యాయులు కూడా దాన్ని చూసి ఆపగలుగుతారు. నింపకుండా వదిలిన చోటు కంటికి తగులుతుంది; పాత పేరు మాత్రం నిజమైన పేరులాగే కనిపిస్తుంది కాబట్టి తప్పించుకుపోతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే పొరపాటు చేశాను. ఒక రైతుకు పంపిన బాకీ నోటీసులో, అంతకుముందు రాసిన మరో రైతు బాకీ మొత్తం అలాగే ఉండిపోయింది. ఆ పెద్దాయన ఎండలో పడి వచ్చి, వణుకుతున్న చేతులతో ఆ కాగితం నా బల్ల మీద పెట్టారు. నేను క్షమాపణ చెప్పి సరిచేసిన నోటీసు ఇచ్చాను, కానీ ఆయన ఆ రాత్రి నిద్రపోలేదన్న మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. మీ ఉత్తరం చదివినప్పుడు ఆయనే కళ్ళముందు మెదిలారు.

ప్రశ్న: రాజోలు ప్రాంతంలో ఒక సహకార సంఘానికి కార్యదర్శిని. మా దగ్గర మూడు కంప్యూటర్లు, మూడింటిలోనూ లిబ్రెఆఫీస్ ఉన్నాయి. మా లెటర్‌హెడ్ టెంప్లేట్‌లో 'తూర్పు గోదావరి జిల్లా' అని ఉండేది. జిల్లాలు మారిన తరువాత దాన్ని ఎన్నిసార్లు దిద్దినా, ఒక కంప్యూటర్ నుంచి తీసిన ఉత్తరాల మీద మళ్ళీ పాత జిల్లా పేరే వస్తోంది. పైగా కొన్ని పాత ఉత్తరాలు తెరిచినప్పుడు, టెంప్లేట్ మారింది, స్టైళ్ళు మార్చమంటారా అని అడుగుతోంది. ఏమని చెప్పాలో తెలియక ఒక్కొక్కసారి ఒక్కొక్క మీట నొక్కుతున్నాము.

జవాబు: అయ్యా, మీ జిల్లా పేరు ఒకే ఏడాదిలో రెండుసార్లు మారింది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది; అదే ఏడాది అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. గోదావరికి అవతలి గట్టున కూడా ఇదే అవస్థ వచ్చింది. పశ్చిమ గోదావరి పేరు నిలిచింది గానీ, జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారడంతో కలెక్టరు గారికి రాసే ప్రతి ఉత్తరం చిరునామా మారింది. ఉత్తరాలన్నీ ఒక టెంప్లేట్ నుంచి పుట్టే కార్యాలయంలో ఇది పది నిమిషాల పని. పాత ఉత్తరం మీద కొత్త ఉత్తరం రాసే అలవాటున్న చోట మాత్రం పాత జిల్లా పేరు ఏళ్ళ తరబడి ఏదో ఒక మూల నుంచి తిరిగి వస్తూనే ఉంటుంది.

మీ విషయంలో జరిగింది ఇదని నా అభిప్రాయం. మీరు టెంప్లేట్ నుంచి పుట్టిన ఉత్తరాన్ని దిద్దారు, టెంప్లేట్‌ను దిద్దలేదు. లేదా ఒక కంప్యూటర్‌లోని టెంప్లేట్‌ను దిద్దారు, మిగతా కంప్యూటర్లలో దాని నకళ్ళు పాతవిగానే ఉండిపోయాయి. లిబ్రెఆఫీస్‌లో మనం దాచే టెంప్లేట్లు ఆయా కంప్యూటర్‌లో, ఆయా మనిషి పేరు మీద ఉన్న ఫోల్డర్‌లోకి పోతాయి. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు వేర్వేరు పేర్లతో తెరిచినా ఒకరిది మరొకరికి కనిపించదు.

పాత పేరు వస్తున్న కంప్యూటర్‌లో ఫైల్ మెనూలోని టెంప్లేట్స్ కింద 'మేనేజ్ టెంప్లేట్స్' తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కినా టెంప్లేట్ల తెర వస్తుంది. మీ లెటర్‌హెడ్ మీద కుడి మీట నొక్కి 'ఎడిట్' ఎంచుకుంటే టెంప్లేటే తెరుచుకుంటుంది. జిల్లా పేరు దిద్ది, మామూలుగా సేవ్ చేసి మూసివేయండి. ఒక ఉత్తరం ఏ టెంప్లేట్ నుంచి పుట్టిందో తెలియకపోతే ఆ ఉత్తరం తెరిచి, ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌లో జనరల్ అనే భాగం చూడండి. అక్కడ టెంప్లేట్ పేరు రాసి ఉంటుంది. ఒకే పనికి 'లెటర్‌హెడ్', 'లెటర్‌హెడ్ కొత్తది', 'లెటర్‌హెడ్ ఫైనల్' అని మూడు టెంప్లేట్లు కనిపిస్తే, సరైనది ఏదో తేల్చుకుని మిగతా రెండింటినీ తొలగించండి. పాతది కూడా ఉండనిద్దామనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. కంటికి కనిపించినంత కాలం ఎవరో ఒకరు దాన్ని వాడుతూనే ఉంటారు.

మూడు కంప్యూటర్లకూ ఒకే టెంప్లేట్ ఉండాలంటే, ఒక కంప్యూటర్‌లో అందరికీ అందుబాటులో ఉండే ఫోల్డర్ ఒకటి పెట్టి, దాని లోపల 'సంఘం ఉత్తరాలు' వంటి ఉపఫోల్డర్ తయారుచేసి టెంప్లేట్లను అందులో ఉంచండి. తరువాత ప్రతి కంప్యూటర్‌లోనూ టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, లిబ్రెఆఫీస్ కింద పాత్స్ అనే చోట టెంప్లేట్స్ వరుసకు ఆ ఫోల్డర్ దారిని చేర్చండి. ఆ ఫోల్డర్‌లో రాసే అధికారం మీ ఒక్కరికే ఉంచి, మిగతావారికి చదివే అధికారం మాత్రమే ఇవ్వండి. ఇది సిబ్బంది మీద అపనమ్మకం వల్ల చెప్పే మాట కాదు. పొరపాటున ఎవరైనా టెంప్లేట్ మీదనే ఒక రైతు ఉత్తరం రాసి సేవ్ చేస్తే, మూడు కంప్యూటర్లలోనూ అందరి ఉత్తరాలూ చెడిపోతాయి. వర్డ్ వాడే కార్యాలయాలలో ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ భాగం చివర, ఫైల్ లొకేషన్స్ అనే మీట వెనుక 'వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్' అనే వరుస ఉంటుంది. అక్కడ ఇవ్వవలసిన దారి కూడా ఇటువంటిదే.

ఇక లిబ్రెఆఫీస్ అడిగే ప్రశ్న సంగతి. అది అడిగేది స్టైళ్ళ గురించి మాత్రమే, అంటే అక్షరాల రకం, పరిమాణం, పేరాల ఎడం వంటి అమరికల గురించి మాత్రమే. ఉత్తరం నడిమి రాత జోలికి అది పోదు. 'అప్‌డేట్ స్టైల్స్' నొక్కితే పాత ఉత్తరం కొత్త అమరికలోకి మారుతుంది. 'కీప్ ఓల్డ్ స్టైల్స్' నొక్కితే ఉన్నట్టే ఉంటుంది, ఆ ఉత్తరానికీ టెంప్లేట్‌కూ ఉన్న బంధం తెగిపోతుంది కాబట్టి మళ్ళీ అడగదు. ఇప్పటికే సంతకమై, నంబరు పడి, బయటికి వెళ్ళిన ఉత్తరాలకు రెండవ మీటే నొక్కమని నా సలహా. 2021లో మీ సంఘం రాసిన ఉత్తరం మీద తూర్పు గోదావరి జిల్లా అనే ఉండాలి, ఎందుకంటే ఆ రోజున అదే నిజం. ఆడిట్‌కు వచ్చినవారికి ఆ రోజు వెళ్ళిన కాగితం ఎలా ఉందో అలాగే చూపించగలగాలి. పాత జిల్లా పేరు తప్పవుతున్నది కొత్త ఉత్తరంలోనే.

ప్రశ్న: పాలకొల్లులో దస్తావేజు లేఖరిని. మొదటి కాగితం స్టాంపు పేపరు, మిగతావి తెల్లకాగితాలు. మొదటి పేజీలో పైన చాలా ఖాళీ వదలాలి. ప్రతిసారీ ఎంటర్ మీట నొక్కి కిందికి జరుపుతున్నాను. ఒక పేరా పెరిగితే అంతా చెదిరిపోతోంది. తెలుగు అక్షరాల ఒత్తులు కూడా కొన్నిచోట్ల తెగిపోతున్నాయి. నా పాత దస్తావేజులన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటినే టెంప్లేట్లుగా మార్చుకోవచ్చునా?

జవాబు: మీ వృత్తిలో కాగితం అమరిక కూడా దస్తావేజులో భాగమే కాబట్టి ఈ మూడింటికీ కొంచెం వివరంగా జవాబు ఇస్తాను.

స్టాంపు పేపరును స్కేలుతో కొలిచి, పై అంచు నుంచి రాత మొదలుకావలసిన చోటుకు ఎంత దూరమో రాసుకోండి. లిబ్రెఆఫీస్‌లో ఎఫ్11 నొక్కితే స్టైళ్ళ పట్టిక వస్తుంది. అందులో పేజీ స్టైళ్ళలో 'ఫస్ట్ పేజ్' అనేది ఒకటి ఉంటుంది. దాని పై మార్జిన్‌ను మీరు కొలిచిన మేరకు పెంచి, తరువాతి స్టైల్‌గా 'డిఫాల్ట్ పేజ్ స్టైల్' ఉండేట్టు చూడండి. టెంప్లేట్ మొదటి పేజీకి ఆ స్టైల్ పెట్టి దాచుకుంటే, రాత ఎంత పెరిగినా మొదటి పేజీలో ఖాళీ కదలదు, రెండవ పేజీ మామూలు మార్జిన్‌తో మొదలవుతుంది. వర్డ్‌లో మొదటి పేజీకి వేరే మార్జిన్ ఇవ్వాలంటే పత్రాన్ని సెక్షన్లుగా విడగొట్టాలి, అది తరచు చిక్కులు తెస్తుంది. దానికన్నా సులువైన దారి ఉంది. హెడ్డర్, అంటే పేజీ పై అంచున ఉండే భాగం, తెరిచి 'డిఫరెంట్ ఫస్ట్ పేజ్' దగ్గర టిక్కు పెట్టండి. మొదటి పేజీ హెడ్డర్‌లో ఉన్న ఖాళీ పేరాకు, పేరా అమరికల్లో 'ఆఫ్టర్' అనే ఎడాన్ని మీ కొలత వచ్చేదాకా పెంచండి. హెడ్డర్ ఎత్తు పెరిగిన కొద్దీ కింది రాత తనంతట తాను దిగుతుంది. స్టాంపు పేపరు మీద ముద్రించే ముందు, అదే కొలతలున్న తెల్లకాగితం మీద ఒకసారి తీసి, రెండింటినీ వెలుతురుకు ఎదురుగా పట్టి సరిచూసుకోండి. స్టాంపు పేపరు ఒకటి పాడైతే డబ్బుతో పాటు కక్షిదారుల సమయం కూడా పోతుంది.

ఒత్తులు తెగడానికి కారణం దాదాపు ఎప్పుడూ వరుసల మధ్య ఉండే ఎడమే. 'ఎగ్జాక్ట్‌లీ' అని ఖచ్చితమైన ఎత్తు ఇచ్చిన చోట ఇంగ్లీషు అక్షరాలు పడతాయి గానీ, కింద ఒత్తు, పైన గుడి ఉన్న తెలుగు అక్షరానికి ఆ ఎత్తు చాలదు. దాన్ని 'ఎట్ లీస్ట్' అనిగానీ, ఒకటిన్నర రెట్లు అనిగానీ మార్చండి. ఈ మార్పు ఒక్కొక్క పేరాకు విడివిడిగా చేయవద్దు. టెంప్లేట్‌లోని 'నార్మల్' స్టైల్‌లోనే చేయండి. ఇక్కడే మరొక చిక్కు ఉంది. వర్డ్, లిబ్రెఆఫీస్ రెండూ తెలుగును సంక్లిష్ట లిపుల జాబితాలో ఉంచుతాయి. అందువల్ల ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, ఒక పరిమాణం, తెలుగు అక్షరాలకు మరొక ఫాంటు, మరొక పరిమాణం అని స్టైల్‌లో రెండు అమరికలు ఉంటాయి. పైన పరిమాణం మార్చినా తెలుగు మారలేదని చాలామంది విసుగు చెందేది ఈ రెండవ అమరిక సంగతి తెలియకనే. వర్డ్‌లో ఫాంట్ పెట్టె తెరిచి 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అనే భాగంలో నిర్ణయించాలి. లిబ్రెఆఫీస్‌లో ముందుగా ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఎదుట టిక్కు పెట్టి, తెలుగు ఎంచుకుంటే స్టైల్‌లో ఆ రెండవ వరుస కనిపిస్తుంది.

అను ఫాంట్ల విషయంలో నా సమాధానం వద్దనే. ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఫాంటు వాటికి తెలుగు రూపు తొడుగుతుంది, అంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఒక సర్వే నంబరు పక్కన ఉన్న రైతు పేరు కోసం తెలుగులో వెతికినా దొరకదు. పెళ్ళి శుభలేఖలు ముద్రించే ప్రెస్సులకు అవి ఎంతో సేవ చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. కానీ పదేళ్ళ తరువాత కూడా తెరుచుకోవలసిన దస్తావేజు టెంప్లేట్‌ను యూనికోడ్‌లోనే, అంటే కంప్యూటర్ లోపల కూడా తెలుగు అక్షరాలుగానే ఉండే పద్ధతిలోనే, టైపు చేయించండి. మార్చిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, క్రయ దస్తావేజు, దాన దస్తావేజు, భాగ పంపిణీ, తనఖా వంటి ఆ కొన్ని నమూనాలను కొత్తగా టైపు చేసి, అక్షరం అక్షరం సరిచూసుకోవడమే నాకు సురక్షితంగా తోస్తుంది. విండోస్‌తో పాటు వచ్చే తెలుగు ఫాంటు కూడా తరాన్ని బట్టి మారింది. ఎక్స్‌పీ కాలంలో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. మీ కంప్యూటర్‌లో రాసి వేరేచోట ముద్రించేట్టయితే, ఫాంటును ఫైలులోనే పొదిగే అమరికను టెంప్లేట్‌లో పెట్టుకోండి. వర్డ్‌లో అది ఆప్షన్స్‌లోని సేవ్ భాగంలో, లిబ్రెఆఫీస్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్ భాగంలో ఉంటుంది.

ప్రశ్న: భీమవరం దగ్గర చెరువుల లీజు ఒప్పందాలు వర్డ్ టెంప్లేట్ నుంచి రాస్తాము. నిరుడు రాసిన ఒప్పందం ఈమధ్య తెరిస్తే దాని మీద ఈరోజు తేదీ ఉంది. ఎవరైనా మార్చారా?

జవాబు: ఎవరూ మార్చలేదు. టెంప్లేట్‌లో తేదీ పెట్టినప్పుడు 'అప్‌డేట్ ఆటోమేటికల్లీ' దగ్గర టిక్కు ఉండిపోయింది. అలా పెట్టిన తేదీ, ఫైలును తెరిచిన రోజుకో ముద్రించిన రోజుకో మారిపోతూ ఉంటుంది. లీజు గడువు ఆ తేదీ నుంచే లెక్క కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు. సంతకాలైన కాగితమే మీకు ప్రమాణం. కంప్యూటర్‌లోని ఫైలును దానితో సరిచూసి దిద్దండి. టెంప్లేట్‌లో ఆ తేదీని తీసివేసి, క్విక్ పార్ట్స్‌లో ఫీల్డ్ ఎంచుకుని 'క్రియేట్‌డేట్' పెట్టండి. అది కొత్త పత్రం పుట్టిన రోజును చూపుతుంది, తరువాత ఆ ఫైలును తెరిచినంత మాత్రాన మారదు. అయితే ఒప్పందం రాసిన రోజు వేరు, సంతకాలు పెట్టిన రోజు వేరు అయ్యే సందర్భాలు మీ వ్యాపారంలో ఎక్కువ. అందుకని ఒప్పందాలకు మటుకు ఏ ఫీల్డూ పెట్టకుండా, తేదీ స్థలాన్ని నింపవలసిన పెట్టెగానే ఉంచమంటాను. సంతకాలు పూర్తయిన వెంటనే పీడీఎఫ్ ఒకటి తీసి దాచండి.

ప్రశ్న: తణుకులో మా దుకాణం కంప్యూటర్‌లో వర్డ్ తెరిస్తే, ఖాళీ పేజీ రావలసిన చోట మా పాత గుమాస్తా రాసిన కొటేషన్ వస్తోంది. చెరిపినా మళ్ళీ వస్తోంది.

జవాబు: ఖాళీ పేజీకి కూడా ఒక టెంప్లేట్ ఉంది. దాని పేరు నార్మల్, చివర డీఓటీఎం అని ఉంటుంది. ఆ కొటేషన్ పొరపాటున అందులోకి సేవ్ అయింది. వర్డ్‌ను పూర్తిగా మూసి, విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్ళీ పర్సెంట్ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్, దాని లోపల టెంప్లేట్స్ ఉంటాయి. అక్కడి నార్మల్ ఫైలు పేరును 'నార్మల్ పాతది' అని మార్చండి. మళ్ళీ వర్డ్ తెరవగానే శుభ్రమైన నార్మల్ కొత్తగా తయారవుతుంది. పాతదాన్ని వెంటనే చెరపవద్దు, ఎందుకంటే మీరు అలవాటుపడిన మాక్రోలు (పనులు తమంతట తాము జరిగేట్టు రాసిన చిన్న ప్రోగ్రాములు), ఇతర అమరికలు అందులో ఉండవచ్చు. లిబ్రెఆఫీస్‌లో ఇటువంటిది జరిగితే మేనేజ్ టెంప్లేట్స్ తెరలోనే, డిఫాల్ట్ టెంప్లేట్‌ను మొదటి స్థితికి తెచ్చే 'రీసెట్' ఉంటుంది.

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఇంటర్నెట్ నుంచి బిల్లు టెంప్లేట్ ఒకటి దించుకున్నాను. తెరిస్తే మాక్రోలు ఆపివేశామని ఎర్ర పట్టీ వస్తోంది. అనుమతి ఇవ్వవచ్చునా? ప్రింటులో కింది భాగంలో ఖాళీ కూడా ఎక్కువ వస్తోంది.

జవాబు: ఇవ్వవద్దు. పేరు చివర డీఓటీఎం అని ఉన్న టెంప్లేట్ లోపల మీ కంప్యూటర్‌లో తనంతట తాను పనిచేసే ప్రోగ్రాము ఉండవచ్చు; ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆపివేస్తున్నది ఈ ప్రమాదం వల్లనే. బస్తాల లెక్క, ధర, మొత్తం కూడడానికి మాక్రో అవసరం లేదు. లెక్కల పట్టికలు చేసే లిబ్రెఆఫీస్ కాల్క్‌లోగానీ ఎక్సెల్‌లోగానీ మామూలు సూత్రాలతో మీ బిల్లు మీరే తయారుచేసి టెంప్లేట్‌గా దాచుకోండి. ఖాళీ రావడానికి కారణం కాగితం కొలత. విదేశీ టెంప్లేట్లు తరచు లెటర్ కొలతలో, అంటే 216, 279 మిల్లీమీటర్లలో ఉంటాయి. మనం వాడే ఏ4 కాగితం 210, 297 మిల్లీమీటర్లు. బయటి నుంచి తెచ్చిన ఏ టెంప్లేట్‌కైనా ముందుగా పేజీ కొలత మార్చి, ఆ తరువాతే మిగతా పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది పి.గన్నవరం వైపు లంక గ్రామం. వరద హెచ్చరిక రాగానే ఊరి యువకులం ఇంటింటి వివరాలు, పడవల జాబితా, నష్టం నమోదు పత్రాలు తయారుచేస్తాము. 2022 జూలై వరదలో కంప్యూటర్‌ను అటక మీదికి ఎక్కించాము గానీ తరువాత అది పనిచేయలేదు. పత్రాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తయారుచేశాము. టెంప్లేట్లను ఎలా కాపాడుకోవాలి?

జవాబు: బాబూ, మీరు చేస్తున్న పని చాలా గొప్పది, అందుకని నాకు తెలిసినంతా చెబుతాను. చాలామంది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అంతా భద్రమే అనుకుంటారు. వర్డ్‌లో కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్ డాక్యుమెంట్స్‌లోనే ఉంటుంది కాబట్టి అది వస్తుంది. లిబ్రెఆఫీస్ టెంప్లేట్లు మాత్రం అక్కడ ఉండవు. పైన తణుకు వారికి ఇచ్చిన జవాబులో చెప్పిన యాప్‌డేటా ఫోల్డర్‌లోనే లిబ్రెఆఫీస్, దాని లోపల 4, దాని లోపల యూజర్, దాని లోపల టెంప్లేట్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని ప్రత్యేకంగా ఎక్కించాలి. అంత లోతుకు వెళ్ళలేకపోతే, మేనేజ్ టెంప్లేట్స్ తెరలో టెంప్లేట్ మీద నొక్కి 'ఎక్స్‌పోర్ట్' ఇస్తే మీరు చెప్పిన చోటికి నకలు వస్తుంది. కొత్త కంప్యూటర్‌లో 'ఇంపోర్ట్' ఇస్తే మళ్ళీ చేరుతుంది. లిబ్రెఆఫీస్ రైటర్ టెంప్లేట్ పేరు చివర ఓటీటీ అనీ, కాల్క్ టెంప్లేట్ పేరు చివర ఓటీఎస్ అనీ ఉంటుంది. నకలు తీసిన తరువాత ఈ చివరలు ఉన్నాయో లేదో చూసుకోండి.

నకళ్ళు రెండు చోట్ల ఉండాలి. ఒక పెన్‌డ్రైవ్ ఊళ్ళో, మరొకటి ఏటిగట్టు దాటి మెరకలో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. ఇద్దరి ముగ్గురి ఫోన్లలో కూడా ఫైళ్ళు పంపి దాచుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే చేయవలసిన పనులలో దీన్నీ ఒకటిగా చేర్చుకోండి, ఎందుకంటే మూడవ హెచ్చరిక నాటికి లంకల్లో కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. అదే కారణంతో ప్రతి టెంప్లేట్‌కూ నింపని ప్రతులు ఇరవై ముప్పై ముందే ముద్రించి, ప్లాస్టిక్ సంచిలో బాల్ పెన్నులతో సహా కట్టిపెట్టండి. కరెంటు లేని ఆ నాలుగు రోజులూ ఇంటి నంబరు, మనుషుల సంఖ్య, ముసలివారు, పసిపిల్లలు, పశువులు, వెళ్ళిన పునరావాస కేంద్రం చేత్తోనే నింపుతారు. టెంప్లేట్‌లో గళ్ళ వరుస కాగితం మీద ఉన్నట్టే ఉంటే, నీరు తీశాక కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు వెతుక్కోకుండా వరుసగా టైపు చేసుకుపోతారు. ప్రతి టెంప్లేట్ అడుగున, చివరిసారి మార్చిన నెల, సంవత్సరం చిన్న అక్షరాలతో ముద్రపడేట్టు చూడండి. సంచిలో ఉన్న కాగితాలు నిరుటివో ఈ ఏటివో దాన్ని బట్టి తెలుస్తుంది.